తిట్లకు తర్జుమా

మా అత్త కంట్లో పొర కమ్మిందని మొదట తెలిసింది ఇంట్లో కాదు, టాకీసులో. ఆదివారం మధ్యాహ్నం ఆట. తెర మీద ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. అత్త నా చెవిలో చెబుతున్నాననుకుని హాలంతా వినిపించేలా అడిగింది.

"ఏమ్మే, ఏడ్చేది ఆడమనిషా, మొగోడా?"

ముందు వరుసలోంచి ఎవరో "ఉష్" అన్నారు. "నీకు అగపడతా ఉండాది, నువ్వు ఉష్ అంటావు" అని అత్త వాళ్ళకు తమిళంలో జవాబిచ్చి, మళ్ళీ తెలుగులోకి దిగి, "చెప్పవే" అని నా మోచెయ్యి పొడిచింది. ఆ రోజుతో నేను సినిమా చూడడం మానేసి, ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.

మేముండేది కోయంబత్తూరులో ఒక నూలుమిల్లు లైను ఇళ్ళలో. తాతలకు తాతలెప్పుడో వచ్చి దిగిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. అత్త పెళ్ళికి ముందు నుంచీ మిల్లులో నూలు చుట్టే రీలింగు పని చేసి, చూపు మసకబారాక మానేసింది. మా ఆయన అదే మిల్లులో ఫిట్టరు. నేను మిల్లు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నా చదువంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మామగారు ఓపిగ్గా దిద్దించారు. ఇంగ్లీషంటారా, ఆవు మీద నాలుగు వాక్యాలు చెప్పేంత వచ్చు. పిల్లలకు అంతకంటే అక్కరలేదు కాబట్టి నాకూ ఎప్పుడూ లోటనిపించలేదు.

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు చర్చికి పోతారు, మేము మారియమ్మ గుడికి పోతాం. అయినా ఆయన అత్తను "అక్కా" అని పిలిచేవాడు, అత్త ఆయన్ను "తమ్ముడా" అనేది. ఆ వరసన నాకు ఆయన చిన్నమామ. మిల్లులో బేళ్ళు విప్పి పత్తి దులిపే చోట వయసంతా దుమ్ము మింగినా, ఆయన గొంతు మాత్రం పాడు కాలేదు. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మా పెరట్లో గిన్నెలు తోమేవాళ్ళు కూడా చెయ్యి ఆపేవారు. ఆయనకూ కళ్ళలో పొరే. సందులో ఇద్దరూ ఎదురుపడి ఢీకొనేవారు. "చూసి రారాదా తమ్ముడా?" అని ఆమె, "నువ్వు చూసి తప్పుకోరాదా అక్కా?" అని ఆయన. ఎవరి చూపు ఎక్కువ చెడిందన్న విషయంలో ఇద్దరికీ పోటీ. ఓడిపోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

అలాంటప్పుడు కంటి క్యాంపు వచ్చింది. సముద్రాల అవతలి దేశం వాళ్ళ ధర్మసంస్థ ఒకటి తెల్లటి వ్యాను వేసుకుని వచ్చి, మా బడిలో బెంచీలు పక్కకు నెట్టి చాపలు పరిచింది. పొర తీస్తారు, ఊరికే తీస్తారు, కళ్ళద్దాలు కూడా ఇస్తారు. లైనంతా పండగ. ఆపరేషనుకు పోయే ముసలివాళ్ళకు కొత్త చీరలు, ఉతికిన పంచెలు కట్టి, పెళ్ళికొడుకుల్లా నడిపించుకుని వెళ్ళాం. ఆపరేషన్లు జరుగుతున్నంతసేపు ఒకాయన కెమెరా పట్టుకుని తిరిగాడు. డాక్టరు ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చాడు, అలాగే వెళ్ళాడు. ఆయన ముఖం ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో ఆపరేషనైన మనిషి తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టేవారు. కదలకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. అత్తకు మాట్లాడకుండా ఉండడమే పెద్ద ఆపరేషను. పక్క చాప మీద చిన్నమామ కంటికి కట్టుతోనే, కదలకుండా, మిల్లు పాత మేస్త్రీ గొంతును అనుకరిస్తూ ఆమెను నవ్వించాలని చూసేవాడు. "ఒరే, నా కుట్లు ఊడితే నీదే పాపం" అని ఆమె పళ్ళు బిగించుకుని అనేది.

తొలి కట్టు మార్చగానే వ్యాను సర్దుకుంది. సంస్థ తరఫున మాట్లాడే మేనేజరు ఒకాయన ఉండేవాడు. మనవైపు మనిషే, తమిళమూ తెలుగూ ఇంగ్లీషూ ఒకే నున్నదనంతో మాట్లాడేవాడు. "నర్సమ్మ వస్తుంది, రోజూ మందు వేస్తుంది. కన్ను కుదురుకోగానే అద్దాలు తెస్తాం. ఏం దిగులు పెట్టుకోకండి" అని చెప్పి వ్యాను ఎక్కాడు.

నర్సమ్మ రాలేదు.

అత్త కన్ను దానంతటదే మానింది. చిన్నమామ కన్ను ఎర్రబడింది. మొదట నలక పడిందన్నారు, తరువాత దిష్టి తగిలిందన్నారు. నొప్పి తట్టుకోలేక ఆయన నుదురు గోడకు ఆనించి కూర్చుంటే, మిల్లు డిస్పెన్సరీకి తీసుకువెళ్ళాం. అక్కడి కాంపౌండరు దూరం నుంచే చూసి, "వేరేవాళ్ళు చేసిన కంటి మీద నేను చెయ్యి పెట్టను, పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు. పెద్దాసుపత్రి డాక్టరు రెప్ప ఎత్తి చూసి మా మీద కేకలు వేశాడు.

"ఎవరు చేశారు ఇది? ఏం మందు వేశారు? ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

తెల్ల వ్యాను అని చెప్పాం. మాకు తెలిసింది అంతే. ఆయన కోపం తగ్గి, కుర్చీలో వెనక్కి వాలాడు. నొప్పి తగ్గించగలనని, చూపు తేలేనని చెప్పాడు.

చిన్నమామ ఇంటికి వచ్చాక నల్లగుడ్డ ఒకటి ఆ కంటికి అడ్డంగా కట్టుకున్నాడు. మిగిలిన కంట్లో పొర అలాగే ఉంది. చర్చికి వెళ్ళేవాడు గానీ, పాడేవాడు కాదు. అత్తకేమో వెలుతురు వచ్చింది, ఆకారాలు రాలేదు. అద్దాలు లేకపోతే పొర తీసిన కంటికి లోకమంతా నీళ్ళలో మునిగినట్టే ఉంటుందట. వాకిట్లో కూర్చుని దారిన పోయే తెల్లటి దాన్నల్లా వ్యాను అనుకునేది. ఒకసారి పాలవాడి ఆవును కూడా.

లైనులో పెద్దవాళ్ళు సర్దుకుపొమ్మన్నారు. "ధర్మానికి చేసినారు అక్కా. దానమిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూస్తామా?" అన్నాడు ఒకాయన.

"పళ్ళు చూసేది ఎవురురా?" అంది అత్త. "ఆవు మా తమ్ముణ్ణి పొడిచింది. మా వాకిట్లో కట్టేసినోళ్ళు ఎవురని అడగతాను."

ఎక్కడని పోయి అడగాలన్నదే మిగిలిన ప్రశ్న. మేట్టుపాళయం నుంచి కూరగాయలు తెచ్చే లారీ డ్రైవరు ఒకతను, కొండ కింద ఒక బంగళా ముందు ఆ తెల్ల వ్యాను నిలబడి ఉంటుందని, ఎవరో దొరసానమ్మ దానికి పెద్ద అని చెప్పాడు. అత్త ఆ క్షణమే ప్రయాణం నిశ్చయించింది. మా ఆయన "వాళ్ళు పెద్దవాళ్ళు, లోపలికి రానిస్తారా?" అంటే, "రానీకపోతే బయట నిలబడి అరస్తాను. నాకు గొంతు ఉండాది" అంది.

బడికి సెలవు ఉన్న రోజు చూసి అత్త, చిన్నమామ, నేను పాసింజరు రైలెక్కాం. తూక్కు క్యారేజీలో పులిహోర, అరటాకు ముక్కలు, చెంబులో నీళ్ళు. నిజం చెప్పాలంటే తగాదాకు పోతున్నట్టు లేదు, పెళ్ళిచూపులకు పోతున్నట్టు ఉంది. కారమడై దాటాక నీలగిరి కొండలు కిటికీ నిండా వచ్చాయి. నేను వాటిని అత్తకు వర్ణించాను, సినిమాలాగే. "కొండ కదా, ఎట్లుంటుందో నాకు తెలుసు. యాడికీ పోదు. నువ్వు పులిహోర తియ్యి" అంది. చిన్నమామ తన వంతు ముట్టలేదు. మేట్టుపాళయంలో దిగితే ఊరంతా వక్కలు ఉడికే వాసన.

బంగళా వరండాలో మొదట కనిపించింది మేనేజరే. మమ్మల్ని చూసి గుర్తుపట్టలేదు, చిన్నమామ కంటి గుడ్డను చూసి గుర్తుపట్టాడు. ముఖం పాలిపోయింది. "నాతో చెప్పండి, నేను చూసుకుంటాను" అంటుండగానే లోపలి నుంచి దొరసానమ్మ బయటికి వచ్చింది. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, జుట్టంతా తెల్లగా, చూస్తే మంచి మనిషిలాగే ఉంది. మాకు కుర్చీలు వేయించింది. టీ తెమ్మని వంటాయనకు చెప్పింది. చేతులు జోడించి "వణక్కం" అంది.

అత్త కూర్చోలేదు. కొంగు నడుముకు దోపి మొదలుపెట్టింది.

"ఏమ్మా, నీకు ఇది న్యాయమా? ముసలోళ్ళను వరసగా పండబెట్టి కన్ను కోసి, ఫోటో తీసుకోని పోతివి. నర్సు యాడ? అద్దాలు యాడ? మా తమ్ముడి కన్ను కుళ్ళిపోయింది, వచ్చి చూసినావా? మీ ఊర్లో మీ అమ్మకైతే ఇట్లే చేసి పోదువా?"

అత్త ఆగింది. మేనేజరు గొంతు సవరించుకుని, దొరసానమ్మ వైపు తిరిగి, తన నున్నని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది. ఈ పెద్దావిడ మీకు కృతజ్ఞతలు చెప్పడానికి ఇంత దూరం వచ్చారు, మిమ్మల్ని తమ తల్లితో సమానంగా తలుచుకుంటున్నారు, అంటున్నాడాయన.

దొరసానమ్మ ముఖం వికసించింది. అత్త రెండు చేతులూ పట్టుకుంది. అత్త బిత్తరపోయి నా వైపు తిరిగింది.

"ఏమ్మే, నేను తిడతా ఉంటే ఈమె నగతాదేంటికి?"

మళ్ళీ తిట్టింది, ఈసారి ఇంకా గట్టిగా, మధ్యలో తమిళం కలిపి. మేనేజరు మళ్ళీ తర్జుమా చేశాడు, ఇంకా తియ్యగా. దొరసానమ్మ కళ్ళు చెమర్చాయి. ఎంత గట్టిగా తిడితే అంత ఎక్కువ సంతోషపడుతోంది పాపం. ఇక నావల్ల కాలేదు. నా దగ్గరున్న ఇంగ్లీషంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చి, ముందు దొరికిన ముక్క బయటపడింది.

"నో థ్యాంక్స్, మేడమ్!"

సరిగ్గా అప్పుడే టీ పళ్ళెం పట్టుకుని వస్తున్న వంటాయన గుమ్మంలో ఆగి, నన్నొకసారి చూసి, పళ్ళెంతో సహా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మొదలుపెట్టాక ఆపడం కష్టం. "దే ఆర్ నాట్ థ్యాంకింగ్, మేడమ్. దే ఆర్ స్కోల్డింగ్" అన్నాను. ఎవరిని అని ఆమె అడిగింది. "యూ, మేడమ్."

మేనేజరు చెట్ల వైపు చూస్తున్నాడు.

"ఏం చెప్తివే?" అంది అత్త.

"మీరు తిడతా ఉండారని చెప్పినాను అత్తా."

"అంతేనా? ఇంకా కొంచెం చెప్పు."

అప్పుడు చిన్నమామ లేచాడు. అత్త భుజం మీద చెయ్యి వేసి ఆమెను కూర్చోబెట్టి, కంటికి కట్టిన నల్లగుడ్డ విప్పాడు. "నేను తిట్టేకి రాలేదు తాయీ" అన్నాడు దొరసానమ్మ ఉన్న వైపుకు. "నాకు ఒకటే కావాల. నా కంటికి ఏమయింది? మందు వేస్తామన్నోళ్ళు ఏంటికి రాలేదు? అది నాకు చెప్పేకి ఎవురన్నా ఉండారా, లేరా?"

అది నేను తర్జుమా చేశాను. ఆవు మీద నాలుగు వాక్యాల ఇంగ్లీషుతోనే చేశాను. హిస్ ఐ. వాట్ హాపెన్డ్? నర్స్ నాట్ కమింగ్, వై? హూ విల్ టెల్ హిమ్? ఎన్ని తప్పులున్నాయో తెలియదు. దొరసానమ్మకు ఒక్కటి కూడా అడ్డం రాలేదు. ఆ కంటినీ, మేనేజరునూ, మళ్ళీ ఆ కంటినీ చూసింది. తనకు తెలియదని, కనుక్కుని తానే వచ్చి చెబుతానని అంది.

"నర్సు కూడా వస్తాదనే చెప్పినారు" అంది అత్త. "ఏ రోజు వస్తాదో చెప్పమను. లేకపోతే నేను ఈడే పండుకుంటాను. ఇసక సంచులు కూడా వాళ్ళ దగ్గరే ఉండాయి."

నేను ఇసుక సంచుల మాట వదిలేసి మిగిలింది చెప్పాను. వచ్చే ఆదివారం, చర్చి అయ్యాక, మా బడిలో అని ఒప్పందమైంది. తిరుగు రైల్లో చిన్నమామ పులిహోర అడిగి వేయించుకున్నాడు.

ఆదివారం ఆమె నిజంగానే వచ్చింది. వ్యానులో కాదు, మేనేజరుతో కలిసి బస్సు దిగి మిల్లు గేటు నుంచి నడుచుకుంటూ. లైనులో సగం మంది బడిలోకి దూరారు. ముందు వరుసలో ఆపరేషనైన ముసలివాళ్ళు, వాళ్ళ మధ్య అత్త. దొరసానమ్మ ఒక్కో వాక్యం చెప్పడం, మేనేజరు తెలుగు చేయడం, వెంటనే అత్త నా వైపు తిరిగి "అట్లేనా?" అని అడగడం. నేను తలూపితేగాని తరువాతి వాక్యానికి దారి లేదు.

జరిగింది ఇది. వాళ్ళ దేశం నుంచి పెద్దలు చూడడానికి వస్తున్నారని, ఆలోగా ఎన్ని ఊళ్ళలో క్యాంపు పెడితే అంత మంచిదని సంస్థ తొందరపడింది. మా లైనుకు రావలసిన నర్సమ్మను వేరే ఊరి క్యాంపుకు పంపేశారు. ఆమె స్థానంలో ఎవరు పోవాలో ఎవరూ అనుకోలేదు. ఆ సంగతి దొరసానమ్మకు ఎవరూ చెప్పలేదు, తానూ ఎవరినీ అడగలేదు. వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ అందరూ దీవిస్తున్నారనే కబురే వస్తుంటే, అడగాలని తోచలేదని ఆమె అంది.

చివర ఒక చిన్న వాక్యం చెప్పింది. మేనేజరు తడబడి, "కొంచెం ఇబ్బంది జరిగింది అంటున్నారు" అన్నాడు.

"అట్లేనా?" అంది అత్త.

"కాదు అత్తా. 'మా తప్పు' అనింది."

గదిలో గొణుగుడు లేచింది. ఏమైందని దొరసానమ్మ నన్ను అడిగింది. ఎలాగో వివరించాను. ఆ మాట తెలుగులో ఎలా అనాలని అడిగి, నా నోటి వంక చూస్తూ నేర్చుకుని, చిన్నమామ ముందుకు వచ్చి, "మా టప్పు" అంది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. చిన్నమామ నవ్వలేదు.

"సెరి తాయీ" అన్నాడు. "చెప్పితివి. విన్నాను." లేచి, గోడ పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. దొరసానమ్మ ఆయన వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి ఏదో ఒక మంచిమాట చెబుతాడని ఎదురుచూసిందేమో. ఎవరూ ఆమెను ఓదార్చలేదు. అత్త మాత్రం కాసేపటికి, "ఎండలో వచ్చింది, మజ్జిగ ఇయ్యండ్రా" అంది.

మేనేజరు మా ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగాడు. తలెత్తకుండానే మాట్లాడాడు. "నాకు అబద్ధం చెప్పాలని లేదమ్మా. ఒకసారి ఎవరో తిట్టింది ఉన్నదున్నట్టు చెబితే, ఆ ఊరికి మళ్ళీ క్యాంపు పోలేదు. అప్పటి నుంచి మంచి మాటలే చెబుతూ వచ్చాను. ఊళ్ళకు మేలే చేస్తున్నాననుకున్నాను." అత్త అతని గ్లాసు మళ్ళీ నింపింది. "ఇంకమీదట తిట్టు తిట్టులాగే చెప్పు నాయనా. తియ్యగా చేస్తే దాంతో పని జరగదు" అంది.

ఆ తరువాత చాలా మారింది. అద్దాలు వచ్చాయి. గాజు ఎంత మందమంటే వాటి వెనక అత్త కళ్ళు గారెలంత కనిపించేవి. మొదటి ఆదివారమే టాకీసుకు పరిగెత్తి, ఎవరు ఏడుస్తున్నారో తానే నాకు చెప్పసాగింది. క్యాంపు పెట్టే ముందు లైను ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడాలని, కత్తి పట్టే డాక్టరు గుడ్డ కట్టుకోకముందే వచ్చి ముఖం చూపించి పేరు చెప్పాలని, ఆఖరి మనిషి కన్ను మానేదాకా నర్సమ్మ ఊరు వదలకూడదని దొరసానమ్మ ఒప్పుకుంది. అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ఒకసారి మందు ఆలస్యమైతే అత్త మళ్ళీ కొంగు దోపాల్సి వచ్చింది. కానీ ఈసారి ఎవరి మీద అరవాలో ఆమెకు తెలుసు.

చిన్నమామ రెండో కంటి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పొర ముదిరి ఆయనకు పగలూ మసకే అయింది. మరుసటి ఏడు క్యాంపు మళ్ళీ మా బడికి వచ్చినప్పుడు, ఎవరూ అడగకుండానే ఆయన గోడ పట్టుకుని బయలుదేరాడు. నేను పరిగెత్తి వెంట వెళ్ళాను. ఉన్న ఒక్క ఆశ అది. అది కూడా పోతే ఎలా?

వచ్చిన డాక్టరు వయసులో చిన్నవాడు. ముఖం చూపించి, పేరు చెప్పి, ఏం చేయబోతున్నాడో, ఏం జరగవచ్చో దాచకుండా చెప్పాడు. చిన్నమామ ప్రశ్నలు మొదలుపెట్టాడు. నీ కత్తి ఉడకబెట్టినారా? నర్సమ్మ యాడ ఉంటాది? నొప్పి వస్తే ఎవురిని పిలవాల? పొద్దున ఏం తిన్నావు, నీ చెయ్యి వణకదు కదా? డాక్టరు ఒక్కోదానికీ బదులు చెప్పాడు. ఇడ్లీ అని కూడా చెప్పాడు. నర్సమ్మను పిలిచి ఆయన చేతిలో ఆమె చెయ్యి పెట్టాడు. "సెరి, కొయ్యి" అన్నాడు చిన్నమామ.

ఆ నర్సమ్మ లైనులోనే బస చేసింది. పూటపూటకూ వచ్చి మందు వేసింది. అత్త వాకిట్లో కుర్చీ వేసుకుని ఆమె రాకపోకలు కాపలా కాసింది. కన్ను ఎర్రబడలేదు. అద్దాలు పెట్టిన నాడు మేమంతా చుట్టూ చేరాం. చిన్నమామ తల మెల్లగా తిప్పుతూ గోడను చూశాడు, నల్లబల్ల చూశాడు, నన్ను చూశాడు. ఆఖరుకు అత్త దగ్గర ఆగి, ఆమెను ఎగాదిగా పరిశీలించాడు.

"అయ్యో అక్కా," అన్నాడు, "ఇంత ముసిలిదానివి ఎప్పుడయితివి?"

అత్త కొంగు విసురుగా కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచింది. ఆయన వెనకాలే, ఈసారి గోడ పట్టుకోకుండా, ఆ గొంతుతో పెద్దగా నవ్వుకుంటూ వచ్చాడు. ఆమె ఆయనతో మళ్ళీ మాట్లాడడానికి చాలా రోజులు పట్టింది.